గవరయ్య గొంతూ, వానాకాలం క్లబ్బూ

అనగనగా... ఏదీ, ముందు కాళ్ళు దుప్పట్లో పెట్టు. ఆఁ. అనగనగా పెదగెడ్డలో, బస్టాండు పక్కన ఒక గ్రంథాలయం ఉండేదిట. ఆ ఊళ్ళోనే గవరయ్య అని ఒక బస్సు కండక్టరు ఉండేవాడు. ముప్ఫయ్యేళ్ళు ఇంజను మోత మీద అరిచీ అరిచీ అతని గొంతు నగారా అయిపోయింది. ఇంట్లో "ఉప్పు అందుకో" అంటే పక్కవీధి వాళ్ళు కూడా ఉప్పు పట్టుకొచ్చేవాళ్ళు. నవ్వకు, నిజం!

అతని పెళ్ళాం అప్పలకొండ ఉన్నన్నాళ్ళూ ఆ గొంతుకి బదులు పలికేది. ఆవిడ పోయింది. ఆ తర్వాత ఉద్యోగమూ అయిపోయింది. పాపం, అంత గొంతు పెట్టుకుని మాట్లాడ్డానికి మనిషి లేకుండా పోయాడు. పొద్దున్న లేచి గోడమీద బల్లిని పలకరించేవాడు.

అప్పుడు గ్రంథాలయం చూసుకునే హైమావతిగారు గుమ్మంలో కొత్త బోర్డు పెట్టించారు. చలికాలం అల్లికల క్లబ్బు, ఎండాకాలం చదరంగం క్లబ్బు, వానాకాలం కథల క్లబ్బు. ఎవరైనా రావచ్చు. ఎవరైనా అంటే తనూ రావచ్చు కదా అని గవరయ్య తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్ళాడు.

చలికాలంలో మఫ్లరు అల్లడానికి కూర్చున్నాడు. "ఒకటీ! రెండూ! మూడూ!" అని కుట్లు పైకి లెక్కపెట్టాడు. ఇంకేముంది, చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరి లెక్కలూ తప్పిపోయాయి. ఒకావిడ స్వెట్టరుకి మూడు చేతులు వచ్చాయిట! "బాబ్బాబు, మీరు రాకండి" అని దణ్ణం పెట్టేశారు.

ఆ తర్వాత ఎండాకాలం వచ్చింది. చదరంగం ఆడుతూ ఆడుతూ, ఉన్నట్టుండి తన బంటుని చూసి "ముందుకి జరగాలి, ముందుకి జరగాలి! లోపలంతా ఖాళీయే!" అని కేక పెట్టాడు. ఎదుటాయన ఉలిక్కిపడి బల్ల తన్నేశాడు. రాజులూ ఏనుగులూ అన్నీ నేలపాలు. అక్కణ్ణించీ పంపించేశారు.

అప్పుడు హైమావతిగారు పిలిచి నెమ్మదిగా చెప్పారు. "గవరయ్యగారూ, అందరూ కలిసి అర్జీ ఇచ్చారు. ఇంకొక్కసారి గోలైతే మీ పేరు కొట్టెయ్యక తప్పదు."

ఇక్కడికి కూడా రావద్దంటే మళ్ళీ ఆ ఇల్లూ, ఆ బల్లీనూ. "నోరు మెదపనమ్మా, ఓ మూల కూర్చుంటాను" అన్నాడు.

ఆ తర్వాత వానలు పడ్డాయి. కథల క్లబ్బు గ్రంథాలయం వెనక రేకుల షెడ్డులో పెట్టారు. పిల్లలు పాతికమంది. గవరయ్య మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని మూల కూర్చున్నాడు. హైమావతిగారు కథ మొదలుపెట్టారో లేదో, రేకుల మీద వాన దంచికొట్టింది. ఆవిడది సన్నటి గొంతు. పెదవులు కదులుతున్నాయి గానీ ఒక్క ముక్క వినపడదే! అంతలో ఫెళ్ళున ఉరిమింది. సరోజని అని ఒక చిన్నపిల్ల ఏడుపు లంకించుకుంది. మిగిలిన పిల్లలు లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు.

అప్పుడు ఆవిడ పుస్తకం తెచ్చి గవరయ్య చేతిలో పెట్టారు.

"వద్దమ్మా, పేరు కొట్టేస్తారు."

"కొడితే నా పేరు కూడా కొట్టెయ్యమనండి. మీరు చదవండి!"

తువ్వాలు తీశాడు. గొంతు సవరించుకున్నాడు. తొమ్మిది కొండలు దాటి తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్ళే రాకుమారి కథ అది. ఇంక చూడు, వానా ఓడిపోయింది, ఉరుమూ ఓడిపోయింది. "నాలుగో కొండా! నాలుగో కొండ దిగేవాళ్ళున్నారా?" అంటే "లేరూ!" అని పిల్లలు. ఏడ్చిన సరోజని అందరికంటే గట్టిగా అరిచింది. పుస్తకాలకని వచ్చిన అల్లికల ఆడవాళ్ళు కిటికీ దగ్గర, చదరంగం వాళ్ళు గుమ్మం దగ్గర నిలబడిపోయారు. వాన వెలిసిన సంగతి ఎవరూ చూసుకోలేదు. అర్జీ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అందరూ వెళ్ళిపోతుంటే సరోజని అతని వేలు పట్టుకుంది. "రేపు కూడా వస్తావా తాతా?"

అప్పలకొండ పోయాక అతన్ని అలా అడిగినవాళ్ళు లేరు తల్లీ. అంత గొంతూ ఏమైపోయిందో! "వస్తానమ్మా" అన్నాడు. పక్కనే ఉన్న హైమావతిగారికి కూడా ఆ మాట వినపడలేదు. ఆ పిల్లకి మాత్రం వినపడింది.

కథేమో కంచి బస్సెక్కింది,
నిద్దరేమో నా బుజ్జి పక్కెక్కింది.