నక్క తలుపు, కొండ ఊపిరి

“ఈ గుహ అందరిదీ. నేను బతికుండగా దీనికి తలుపు పెట్టనివ్వను.”

దక్షిణ ఫ్రాన్సులో, తెల్లరాతి కొండ కింది ఓక్ చెట్ల అడవిలో, గాస్పార్ అనే నక్క వసంతకాలంలో చేసిన ప్రమాణం ఇది. గొర్రెలు, కుందేళ్ళు, ముళ్ళపంది అందరూ చెవులారా విన్నారు. నమ్మి గుహ కాపలా దానికే అప్పగించారు.

ఆ గుహలో గొర్రెపాల జున్ను మాగేది. మనం తినే తియ్యటి జున్ను కాదు. ఉప్పగా, ఘాటుగా, లోపల నీలి చారలతో ఉండేది. గొర్రెలు పాలు విరిచి, రొట్టె మీది బూజు కలిపి, గడ్డలు కట్టేవి. టీనో అనే ముళ్ళపంది ఒక్కో గడ్డ మీద ఒక్క దొర్లు దొర్లేది. ముళ్ళు పొడిచిన కన్నాల్లోకి కొండ పగుళ్ళ గాలి దూరేది. గాలి దూరిన చోటల్లా నీలం పాకేది. మంచుకాలమంతా అడవికి అదే ఆధారం.

ఎండాకాలంలో జున్ను వాసన తేలగానే నక్క మాట మారింది. గుహకు ఓక్ చెక్కలు బిగించింది. ఇదేమిటని అడిగితే తలుపు కాదు, రక్షణ అంది.

మర్నాడు కుందేళ్ళు పగుళ్ళ దగ్గర ముక్కులు పెట్టి వాసన పీలుస్తున్నాయి. నక్కకు ఒళ్ళు మండింది.

“వాసన కూడా నాదే,” అని పగుళ్ళన్నీ బంకమట్టితో పూడ్చేసింది.

ముసలి గొర్రె ఒడెత్ తలుపు ముందు నిలబడింది. “దున్నేవాడిదే భూమి అంటారు, గాస్పార్. పాలిచ్చినవాళ్ళదే జున్ను. పోనీ, ఆ పగుళ్ళయినా తెరువు. గాలి ఆడకపోతే నీలం బతకదు.”

“నినాదాలతో కడుపు నిండదు, ఒడెత్ అవ్వా,” అంది నక్క లోపలినుంచి. “జున్నుతో నిండుతుంది.”

మంచుకు మూడు నెలలే ఉన్నాయి. గొర్రెల పొదుగుల్లో ఆఖరి పాలు మిగిలాయి. అవి కూడా వృథా అయితే గొర్రెపిల్లలు మంచుకాలం దాటవు. వెళ్ళి నక్క కాళ్ళు పట్టుకుందామని కొన్ని గొర్రెలు గొణిగాయి.

అప్పుడే టీనో రొప్పుతూ పరిగెత్తుకొచ్చింది. అడవిలో ఆకు కదలని మధ్యాహ్నం అది. కొండ వెనక మాత్రం ఒక పొద ఊగిపోతోందట. అందరూ ఉరికారు. పొద పక్కకు లాగితే, చల్లటి గాలి ముఖాన కొట్టింది. నక్క ఇటు మూసిన ఊపిరి కొండకు అటు తెరుచుకుంది. లోపల ఇంకో గుహ ఉంది.

గొర్రెలు ఆఖరి చుక్కదాకా పాలు పిండాయి. టీనో ముళ్ళు నొప్పెట్టేదాకా దొర్లింది. తొలిమంచు పడ్డ రోజు ఒడెత్ మొదటి గడ్డ కోసింది. లోపలంతా నీలం. గొర్రెపిల్లలు గంతులేశాయి.

అదే రోజు నక్క కూడా తన జున్ను కోసింది. ఒక్క నీలి చారా లేదు. లోపలంతా జిగట, కుళ్ళు. అది ఆకలితో కాళ్ళీడ్చుకుంటూ కొండ వెనక్కి వచ్చింది.

“ఒడెత్ అవ్వా, తినడానికి అడగను. వాసనైనా చూడనివ్వు.”

“చూడు,” అంది ఒడెత్. “ఇక్కడ తలుపు లేదు.”

నీతి: అందరి గాలికి అడ్డుపడినవాడి ఇంట్లోనే ముందు కుళ్ళు పుడుతుంది. పిల్లలూ, మీ ఊళ్ళోనూ అలాంటి తలుపు ఉంటే, అది ఎవరి అనుమతితో పెట్టారో అడగండి.