దొరగారి చెవి గాటు

చేపల బజారు వెనక సందులో కుక్కలు, పిల్లులు మాట్లాడుకుంటాయి. నాకు వాటి భాష వచ్చా అంటారా? మనుషుల భాషే నేను కిరాణా పొట్లాల కాగితాలు చదివి నేర్చుకున్నాను, అదీ సగం సగమే. కాబట్టి తప్పులుంటే పొట్లాలవి, అబద్ధాలుంటే ఈ కథ చెప్పిన పిల్లివి.

ఆ సందుకి పెద్ద, దొర అనే గోధుమరంగు మగకుక్క. ఆయన చేసే పని ఒక్కటే. కుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే వ్యాను మలుపు తిరగ్గానే గొంతు చించుకుని మొరగడం. ఆ మొరుగుడికి సందంతా ఖాళీ. వల పట్టుకొచ్చినవాళ్లు టీ తాగి వెళ్లిపోయేవాళ్లు.

దొర ఇల్లాళ్లలో ఒకతె నల్లమ్మ. కాన్పు మీద కాన్పుతో డొక్కలు ఎండిపోయాయి. మొన్నటి పిల్లల్లో కొన్ని ఐసు లారీల కింద పోయాయి, కొన్ని వాంతులు పట్టి పోయాయి. పాలు మానిన ఒక్క ఆడపిల్ల మిగిలింది.

"ఇంకో కాన్పు వస్తే నేనుండనక్కా," అంది నల్లమ్మ, గోడమీది పిల్లి బుల్లెమ్మతో. బుల్లెమ్మ ఆ ఆపరేషన్ ఎప్పుడో అయిపోయి, దానికి గుర్తుగా చెవి కొస కత్తిరించుకుని, బొద్దుగా తయారైంది.

"వ్యానెక్కు మరి."

"ఎక్కనిస్తేగా. ఆయన మొరిగితే నా కాళ్లు నా మాట వినవు."

పక్కనే పడుకున్న దొర ఒక కన్ను తెరిచాడు. "వంశం, నల్లమ్మా, వంశం. రేపు నా పేరు చెప్పేదెవరు?"

"మొన్న లారీ కింద పడ్డవాడు ఏ రంగో చెప్పండి."

దొర వెనక కాలితో మెడ గోక్కున్నాడు. "అంతమందిలో ఎవణ్ణని గుర్తుపెట్టుకోను?"

బుల్లెమ్మ ఒళ్లు విరుచుకుంది. "దొరగారూ, ఐసు ఫ్యాక్టరీ వాళ్లు పెంచుకునే శేషు లేడూ, వాడి చెవి చూశారా?"

"గాటుంది. ఎవడో కొరికుంటాడు."

"కొరికితే అంత తిన్నగా ఉంటుందా? అది ఆపరేషన్ చేసినవాళ్లు పెట్టిన గాటు. గాటున్న కుక్కకి గేటు దగ్గర పూటపూటా రొయ్య తలకాయలట."

"ఆపరేషనైతే మగతనం పోదూ?"

"మొన్న మీరు తన్నులు తిన్నది వాడి దగ్గరే కదండీ."

"కాలు జారింది."

"అయినా మీకెందుకు లెండి. వ్యాను ఎదురుగా నోరు మెదపకుండా నిలబడినవాడికే ఆ గాటట. మీది అలవాటైన నోరు, కష్టం."

"నాకా కష్టం?" అన్నాడు దొర, మీసాలు నిక్కించుకుని.

మర్నాడు వ్యాను వచ్చింది. దొర సందు మధ్యలో రాతిబొమ్మలా నిలబడ్డాడు. మొరుగుడు లేదు కాబట్టి పడుకున్నవాళ్లెవరూ లేవలేదు. వల పడింది. వ్యానులో తల తిప్పి చూస్తే పక్కనే నల్లమ్మ, ఆమె వెనక సందులోని ఆడకుక్కలన్నీ.

"నువ్వెందుకెక్కావే?"

"మీరు మొరగలేదుగా," అంది నల్లమ్మ.

కుట్లు మానాక అందరినీ సందులోనే దించారు. దొర తిన్నగా ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లి, గాటున్న చెవి ముందుకి పెట్టి కూర్చున్నాడు.

"ఏంటి బాబాయ్, ఇలా వచ్చావు?" అన్నాడు శేషు.

"రొయ్య తలకాయలకి."

"నాకే పెట్టేది పెరుగన్నం. నీకెవరు చెప్పారు?"

"పిల్లి."

శేషు ముట్టె పైకెత్తి దొర చెవి గాటు వాసన చూశాడు. "పిల్లి మాట విని వ్యానెక్కావా?"

ఈ మాట బయటికి పొక్కితే ఇంకేమన్నా ఉందా? సందుకి వస్తూ వస్తూ దొర కథ మార్చేశాడు. "మన సందు బాగు కోసం నేనే ముందుపడ్డాను. పెద్దవాడు దారి చూపించకపోతే ఎలా?" అని కనపడ్డవాడికల్లా చెప్పాడు. పక్క సందు మగకుక్కలు వ్యానుని చూసి పారిపోతుంటే, పిరికి వెధవలని తిట్టి మరీ వెనక్కి తరిమాడు.

వానాకాలం వచ్చింది. నల్లమ్మకి కాన్పు రాలేదు, డొక్కలు నిండాయి. చేప తలకాయ దొరికితే తనో ముక్క, కూతురో ముక్క. దొర ఎదురుగా కూర్చుని, ఇదంతా తన ముందుచూపే అంటున్నాడు. తల్లీకూతుళ్లు నమలడం ఆపలేదు.

నీతి: కనడం గొప్పేమీ కాదు, కన్నవాళ్లు బతికితే అప్పుడు మీసం దువ్వుకోవాలి.