చెట్టు మీద ఒకే గుర్తు

ఏడుమద్దుల అడవిలో దుప్పులు, అడవిపందులు, కుందేళ్లు, ఎలుగుబంట్లు ఉండేవి. ఎండాకాలం వస్తే దగ్గరి సెలయేళ్లన్నీ ఎండిపోయేవి. నీళ్లంటూ మిగిలేది కొండ అవతలి మడుగులో మాత్రమే. ఆ దారి పొడుగునా వేటగాళ్లు గోతులు తవ్వి ఆకులు కప్పేవారు, ఉచ్చులు పన్నేవారు.

అందుకని ఎలుగుబంట్లు తరతరాలుగా ఒక పని చేసేవి. దారి పక్క చెట్ల మీద గోళ్లతో గుర్తులు గీసేవి. నీళ్లకొక గుర్తు, నీడకొక గుర్తు, గోతికొక గుర్తు. అలా మొత్తం పన్నెండు. కొత్త గొయ్యి కనబడితే ఆ పక్క చెట్టు మీద వెంటనే గుర్తు పడేది. చదవడం వచ్చినవారికి ఆ దారిలో భయం లేదు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉండేది. ఏడాది నిండిన ప్రతి పిల్లా ఎండాకాలం మొదట్లో మడుగుదాకా ఒంటరిగా వెళ్లి నీళ్లు తాగి రావాలి. గుంపుగా వెళ్తే ఆ చప్పుడుకు వేటగాళ్లు వస్తారు. కాబట్టి ఎవరి దారి వాళ్లే చదువుకోవాలి. అందుకే చలికాలంలోనే పిల్లలను బడిలో వేసేవారు.

బడి పంతులు గోరువంక కేదారయ్య. ఆయన గొంతు వింటే ఎవరైనా ఆగి వినాల్సిందే. ఒక పెద్ద బండ మీద పన్నెండు గుర్తులూ వరుసగా గీయించి, పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టి పాడించేవాడు.

"నీళ్లు, నీడ, మేత, ముళ్లు, బురద, పాము, ఉచ్చు, గొయ్యి..."

పిల్లలు పన్నెండూ పొల్లుపోకుండా అప్పజెప్పేవారు. వారం తిరక్కుండానే అన్నీ నోటికి వచ్చేశాయి. తల్లులు పొదల చాటున నిలబడి విని మురిసిపోయేవారు. చిలకపలుకులని ఎవరైనా అంటే కేదారయ్యకు కోపం వచ్చేది. తాను చిలక కాదు కదా మరి!

అందరిలోకీ బాగా చెప్పేది దుప్పిపిల్ల చుక్కి. దాని తల్లి అచ్చమ్మ ఎవరు ఎదురైనా ఆ మాటే ఎత్తేది. కేదారయ్య కూడా ఎవరైనా పెద్దలు బడికి వస్తే ముందు చుక్కినే లేపేవాడు. ఆ పిల్ల గొంతులో తన గొంతు వినబడుతుంటే ఆయనకు కడుపు నిండినట్టుండేది.

వాగు గట్టున ముళ్లపంది సోమక్క కూడా పిల్లలకు చదువు చెప్పేది. ఆమె దగ్గర ముగ్గురే పిల్లలు. రాలిన ముల్లు ఒకటి పట్టుకుని మట్టిలో ఒక్క గుర్తు గీసేది. ఆ గుర్తున్న చెట్టు దగ్గరికి పిల్లలను తీసుకెళ్లి ముక్కుతో తడిమించేది. మర్నాడు మరోచోట అదే గుర్తు గీసి, ఏమిటని అడిగేది. పిల్లలు తప్పు చెబితే మళ్లీ మొదలు. ఒక్క గుర్తుకు మూడు రోజులు పట్టేది.

"మూడు రోజులకు ఒక్కటా? నా బిడ్డ ముసలిదయ్యేదాకా ఆగాలా?" అని అచ్చమ్మ పెదవి విరిచింది.

ఒకరోజు సోమక్క కేదారయ్య బడికి వచ్చింది. పిల్లల పాట చివరిదాకా వింది. తర్వాత నెమ్మదిగా అంది, "పంతులుగారూ, ఒక్కసారి మధ్యలో ఏదో ఒక గుర్తు చూపించి అడగండి. పిల్లలు ఏమంటారో చూద్దాం."

కేదారయ్య రెక్కలు విదిలించాడు. "పన్నెండూ వచ్చినవాళ్లకు ఒకటి రాదా సోమక్కా? నీ ముగ్గురి సంగతి చూసుకో."

సోమక్క లేచి వాగు దారి పట్టింది. ఆమె వెళ్లిపోతుంటే పిల్లలు నవ్వారు. కేదారయ్య వారించలేదు.

ఎండాకాలం వచ్చింది. ముందుగా ఎవరిని పంపాలన్న ప్రశ్నే లేదు. చుక్కి ఒక్కసారి పాఠం వల్లించి, తల్లి మూతిని నాకి, పొద్దున్నే బయలుదేరింది. కేదారయ్య కొమ్మ మీద నుంచి గర్వంగా చూశాడు.

మధ్యాహ్నమైంది. ఎండ దిగింది. చుక్కి రాలేదు. అచ్చమ్మ దారి మొదట్లో నిలబడి చెవులు రిక్కించి వింటోంది. ఆమె ముఖం చూడగానే కేదారయ్య కొమ్మ మీద నుంచి లేచాడు. ఎగురుతూ దారి వెంట వెతికాడు.

రెండో మలుపు దగ్గర ఆకులు చెదిరి ఉన్నాయి. కింద గొయ్యి. గోతిలో చుక్కి. వెనకకాలు వంకరగా ముడుచుకుపోయి ఉంది.

"ఏం జరిగిందమ్మా?" అన్నాడు కేదారయ్య. ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినబడింది.

"పంతులుగారూ, నేను పాఠం మొదటినుంచి చెప్పాను. ఒక్కటీ తప్పలేదు," అంది చుక్కి ఏడుస్తూ. "బండ మీదయితే పన్నెండు ఉంటాయి. చెట్టు మీద ఒక్కటే ఉంది. ఒక్కటే ఉంటే అది మొదటిదే కదా అనుకున్నాను. మొదటిది నీళ్లు. నాకు బాగా దాహంగా ఉంది."

ఆ పిల్ల తాను నేర్పింది నేర్పినట్టే చేసింది.

ఆయన వెనక్కి ఎగిరి కబురు చెప్పాడు. అచ్చమ్మ పరుగున వచ్చింది. సోమక్క, అడవిపందులు వచ్చి గోతి అంచును తవ్వడం మొదలుపెట్టారు. వేటగాళ్లు రాకముందే పిల్లను బయటికి తీయాలి. మట్టి జారి ఏటవాలుగా దారి పడింది. పొద్దు కుంకేలోపు చుక్కిని పైకి తెచ్చారు. ప్రాణం దక్కింది. కాలు మాత్రం మళ్లీ మునుపటిలా అవదని ముసలి ఎలుగుబంటి చెప్పింది. పరుగే దిక్కయిన దుప్పికి అది చిన్న మాట కాదు.

అచ్చమ్మ లేచి చెట్టు దగ్గరికి వెళ్లింది. బెరడు మీది గుర్తు వైపు చూసింది.

"ఇదేం గుర్తు పంతులుగారూ?"

చుట్టూ అందరూ ఉన్నారు. కేదారయ్య గుర్తును చూశాడు. గుండ్రంగా ఉంది, మధ్యలో ఒక గీత ఉంది. ముక్కు తెరిచాడు. "నీళ్లు, నీడ, మేత..." అంటూ నాలుక తనంతట తానే మొదలైంది. గొయ్యి దగ్గరికి వచ్చి ఆగాడు. కళ్లెదుట గొయ్యి ఉంది కాబట్టి ఆగాడు. గొయ్యి కనబడకపోయి ఉంటే ఎక్కడ ఆగాలో ఆయనకూ తెలియదు.

ఎగిరేవాడికి నేల మీది గోతులతో ఏం పని? ఆయన ఏనాడూ ఒక్క గుర్తును నమ్ముకుని అడుగు వేయలేదు. ఆ వరుసను తన పంతులు దగ్గర విన్నాడు, విన్నది విన్నట్టు పిల్లలకు అందించాడు.

"నాకు చదవడం రాదు అచ్చమ్మా," అన్నాడు. "వచ్చనుకున్నాను. అంతే."

అచ్చమ్మ ఆయనను తిట్టలేదు. బిడ్డ పక్కకు వెళ్లి పడుకుంది. తిడితే బాగుండేదనిపించింది కేదారయ్యకు.

మర్నాటినుంచి బండ దగ్గర పాట లేదు. ఆ ఏడాది బండ దగ్గర చదివిన పిల్లలెవరినీ ఒంటరిగా పంపకూడదని, తల్లులే వెంట తీసుకెళ్లాలని పెద్దలు తీర్మానించారు. సోమక్క దగ్గరి ముగ్గురు మాత్రం ఒకరి తర్వాత ఒకరు వెళ్లి, గుర్తు గుర్తుకూ ఆగి చూసుకుని, నీళ్లు తాగి తిరిగొచ్చారు. మిగతా పిల్లలందరూ వాగు గట్టుకు చేరారు. చుక్కి కుంటుకుంటూ వచ్చి ముందు వరుసలో కూర్చుంది.

వెనక వరుసలో, నేల మీద, కేదారయ్య కూర్చున్నాడు. పిల్లలు తిరిగి తిరిగి చూశారు. ఆయన తల దించుకోలేదు.

సోమక్క మట్టిలో ఒక గుర్తు గీసింది. "ఇదేమిటో చెప్పండి పంతులుగారూ," అంది, ఎగతాళి లేకుండా.

ఆయన చాలాసేపు చూశాడు. నాలుక చివరి దాకా వచ్చిన పాటను మింగేశాడు.

"తెలియదు," అన్నాడు.

"అయితే దగ్గరికి రండి," అంది సోమక్క. చుక్కి కాస్త పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చింది.

నీతి: వరుసగా అప్పజెప్పడం చదువు కాదు. ఒంటరిగా ఎదురైన అక్షరాన్ని గుర్తుపట్టగలగడమే చదువు. తనకు ఏం రాదో తెలుసుకోని గురువు తప్పుకు శిక్ష పడేది పిల్లలకే.