వెనక సీటు పరీక్ష

మా సింగనగిరి మహారాజు కందర్పవర్మగారికి ఉన్నట్టుండి కొండలు చుట్టి రావాలనే సరదా పుట్టింది. గుర్రం మీద కాదు. మా గుర్రాలు ఎప్పుడో పింఛను పుచ్చుకున్నాయి. దూరప్రయాణాలకని దున్నపోతంత మోటారుసైకిలు ఒకటి తెప్పించారు.

దాని నిండా మీటలే. బ్రేకు ఎంత గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే ఏబీఎస్ ఒకటి. తడి నేల మీద వెనక చక్రం ఊరికే గిర్రున తిరగకుండా పట్టి ఉంచే యంత్రం ఇంకొకటి.

అది చూసి మా దళపతి ఉగ్రమల్లు నిండు సభలో మీసం దువ్వాడు.

"ప్రభూ, ఇవన్నీ చేతగానివాళ్ళ కోసం. మగాడికి బ్రేకు వేళ్ళలో ఉండాలి, డబ్బాలో కాదు. పీకించి పారేయండి. కాస్త బరువైనా తగ్గుతుంది."

బరువు అన్నప్పుడు ఎందుకో నా వైపు చూశాడు.

ఇక్కడ నా సంగతి చెప్పుకోవాలి. నేను ఆస్థాన విదూషకుణ్ణి, పేరు చిట్టిభొట్లు. పేరులో తప్ప ఒంట్లో ఎక్కడా చిట్టి లేదు. రాజుగారు యాత్రకు బయల్దేరితే విసుగు పుట్టకుండా విదూషకుడు వెనకే కూర్చుని కబుర్లు చెప్పాలన్నది మా రాజ్యం ఆచారం. ఏనుగు అంబారీల కాలంలో పెట్టారు. పెట్టినవాళ్ళు సుఖంగా పోయారు, నేను దొరికాను.

బండి వచ్చిన రోజునుంచీ ఊరి చుట్టూ షికార్లు సాగుతూనే ఉన్నాయి. మలుపు వచ్చినప్పుడల్లా నేను కబుర్లు ఆపేసి రాజుగారి నడుం వాటేసుకుంటాను. అది భక్తి అని ఆయన మురిసిపోతారు. నేనూ కాదనలేదు. కాబట్టి ఆ యంత్రాలు పీకితే వాటితోపాటు ఊడేది నా ప్రాణమే.

"ఏమోయ్ చిట్టిభొట్లూ, నువ్వేమంటావు? ఉంచాలా, పీకించాలా?" అని అడిగారు రాజుగారు.

"ఉంచాలి ప్రభూ!" అన్నాను, ఆయన నోరు మూయకముందే.

రాజుగారి కనుబొమ్మ పైకి లేచింది. "అంటే నాకు నడపడం రాదంటావు!"

"అబ్బెబ్బే! మీరు నడుపుతుంటే గాలి కూడా పక్కకు తప్పుకుంటుంది ప్రభూ."

"అయితే అక్కర్లేదన్నమాట."

ఉంచమంటే రాజుగారికి కోపం, వద్దంటే నాకు వైకుంఠం. మాటలమ్ముకుని బతికేవాణ్ణి, అవసరానికి ఒక్క మాట దొరకలేదు. సభలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"వాడికి భయం ప్రభూ! పిరికివాడి మాటా ఒక సాక్ష్యమేనా?" అన్నాడు ఉగ్రమల్లు.

హమ్మయ్య, నాకు కావలసిన మాట అతనే అందించాడు.

"దళపతిగారు అక్షరాలా నిజం చెప్పారు," అన్నాను. "మా ఇంట్లో బల్లి కనిపిస్తే మంచమెక్కేది నేను, చీపురు తీసేది మా ఆవిడ. నాలాంటివాడు వెనక కూర్చుంటే ఇంకో నాలుగు యంత్రాలు కూడా బిగించమంటాడు. అందుకని ధైర్యవంతుణ్ణి కూర్చోబెట్టి తేల్చండి ప్రభూ. మీటలన్నీ ఆపేసి, ఏనుగుల్ని కడిగే రాతివాలు మీదుగా ఒక్కసారి దిగండి. ముందు తమరు, వెనక దళపతిగారు."

"భలే!" అంటూ రాజుగారు సింహాసనం దిగేశారు.

ఉగ్రమల్లు చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. "నాకు... ఎప్పుడూ ముందు కూర్చునే అలవాటు ప్రభూ. పైగా నిన్నటినుంచి నడుం..."

"ఏం, నా చేతుల మీద నమ్మకం లేదా?"

"ఎంతమాట!" అన్నాడు పాపం. ఆ సంకటం ఎలా ఉంటుందో నాకు తెలుసు కనుక కాస్త జాలేసింది. ఆనందం మాత్రం అంతకంటే ఎక్కువే వేసింది.

సభంతా ఏనుగుశాలకు కదిలింది. మావటివాళ్ళు అప్పుడే ఏనుగుల్ని కడిగి తీసుకెళ్ళారు. రాతివాలంతా తడిసి నిగనిగలాడుతోంది. రాజుగారు తమ చేత్తోనే మీటలన్నీ ఆపేశారు. ఉగ్రమల్లు వెనక ఎక్కాడు. మొదట నిటారుగా, ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. బండి కదలగానే రాజుగారి భుజాలు పట్టుకున్నాడు. వాలు కనిపించగానే నడుం వాటేసుకున్నాడు. అచ్చం నాలాగే.

వాలు అంచుకు చేరుతుండగా రాజుగారికి ప్రజల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఒక చెయ్యి వదిలేసి మా వైపు ఊపారు.

"ప్రభూ! మీట! ఆ మీట వేయండి!" అని కేక పెట్టాడు ఉగ్రమల్లు.

"ఏ మీట?"

"ఉన్నవన్నీ!"

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. రాజుగారు మాత్రం నవ్వలేదు. వాలు అంచున బండి ఆపి, ఎర్రబడ్డ ముఖంతో నన్ను పిలిచారు.

"చిట్టిభొట్లూ, నా దళపతే నన్ను నమ్మడం లేదు. అంటే నాకు నడపడం రానట్టేనా?"

మళ్ళీ అదే గోతి దగ్గరికి వచ్చి పడ్డాను. ఈసారి మాత్రం నోరు పెగిలింది.

"హ్యాండిల్ పట్టుకున్నవాడికి ధైర్యం తన చేతుల్లో ఉంటుంది ప్రభూ. అతన్ని పట్టుకున్నవాడికి ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? ఆ యంత్రాలు మీ కోసం కాదు, మీ వెనకవాడి కోసం!"

రాజుగారి ముఖం విచ్చుకుంది. పకపకా నవ్వి, మీటలన్నీ మళ్ళీ వేసేశారు. "యంత్రాలు ఉంటాయి! వాటి మీద చెయ్యి వేసినవాడికి శిక్ష!" అని అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చి, తమ జరీ శాలువా తీసి నాకు కప్పారు.

నా జన్మ ధన్యమైందనుకున్నాను. ఆయన ఇంకా పూర్తి చేయలేదు.

"ఇన్నాళ్ళూ వెనక నువ్వున్నావని మలుపుల్లో నెమ్మదిగా పోయేవాణ్ణోయ్. యంత్రాలు ఉన్నంతవరకు నీ ధైర్యానికి లోటు లేదని ఇప్పుడు తేలిపోయిందిగా! రా, ఎక్కు. ఈ బండి అసలు వేగమెంతో కొండదారిలో చూద్దాం!"

అది నెమ్మదట!

సభ ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది ఉగ్రమల్లే. గబుక్కున బండి దిగి, ఎంతో మర్యాదగా నా చెయ్యి పట్టుకుని వెనక సీటు ఎక్కించిందీ అతనే.