పలకని వీణ, తలూపిన కుండలు

గంధవరం అని ఒకానొక రాజ్యం. రాజ్యం చిన్నది, రాజుగారి గొంతు పెద్దది. ఆయన పేరు విజయోత్తుంగ భూపతి. పాడడం రాదని చెప్పే మొనగాడు లేకపోవడంతో సంగీతం కట్టడం కూడా మొదలుపెట్టాడు.

మామూలు సంగీతం కాదు. సృష్టంతా కంపనమేనని, ఒక నాదం సరిగ్గా తాకితే ఎవరూ ముట్టకుండానే ఎదుటి తీగ బదులు పలుకుతుందని ఎక్కడో విన్నాడు. విన్నమాట నిజమే. రాజుగారి చేతిలో పడడం దాని ఖర్మ. పదిమంది పట్టే చిన్న మందిరం కట్టించి, అందులో పాడడానికి ఒక కృతి కట్టాడు. తాను పాడుతుంటే ఎదుట ఉన్న వీణ మీటకుండానే పలకాలి, అదీ ఆ కృతి గొప్ప.

తంబురా తీసుకొస్తే వద్దన్నాడు. "శ్రుతికి రాజు కట్టుబడడమేమిటి? శ్రుతే రాజుకు కట్టుబడుతుంది."

ఆస్థాన విద్వాంసుడు నరహరి సోమయాజి వీణతీగ మీద ఒక మల్లెరేకు ఉంచాడు. తీగ కదిలితే రేకు ఎగిరిపడాలి. రాజు కృతి ఎత్తుకున్నాడు. షడ్జం దగ్గర బయలుదేరిన గొంతు ఉత్సాహంకొద్దీ పైకి పాకింది, అక్కణ్ణించి జారింది, మళ్లీ ఎక్కబోయి మధ్యలో వేలాడింది. రేకు మాత్రం హాయిగా పడుకుంది.

"తప్పు వీణది," అన్నాడు సోమయాజి, రాజు ఊపిరి తీసుకునేలోగా. "ఏలినవారి నాదానికి పలకని చెక్కలో రాజద్రోహం ఉంది ప్రభూ."

"అయితే రేపు దాన్ని చీల్చి వంటశాలకు పంపండి. వైణికుణ్ణి పొలిమేర దాటించండి," అన్నాడు రాజు.

వైణికుడు వేదాద్రి తిన్నగా ముద్దుసాని ఇంటికెళ్లి గడపలో కూలబడ్డాడు. ముద్దుసాని కొలువులో కథలు చెప్పే మనిషి. ఆమె నోటికి మంత్రులు కూడా పక్కకి తప్పుకుంటారు.

"అక్కా, మా నాన్న తన చేత్తో తొలిచిన పనసచెక్క అది. నన్ను వెళ్లగొట్టినా సరే, దాన్ని పొయ్యిలో పెట్టొద్దని చెప్పు."

"రాజుగారి గొంతు ఎక్కడికి పోతే అక్కడికి తీగ సవరించలేకపోయావా?"

"ఎక్కడికి పోతుందో ఆ గొంతుకే తెలీదు కదక్కా."

ముద్దుసానికి నవ్వొచ్చింది. వెంటనే ఒళ్లు మండింది. దారితప్పిన గొంతు సింహాసనం మీద, తప్పని తీగ పొయ్యిలోకి. ఇదెక్కడి న్యాయం?

మర్నాడు పొద్దున్నే రాజు ముందు నిలబడింది. "ప్రభూ, వీణని చీల్చేముందు ఒక్కసారి పాడండి. ఈసారి మందిరమంతా బదులు పలక్కపోతే నన్ను కూడా పొలిమేర దాటించండి."

"పలికితే?"

"నేనొక ప్రశ్న అడుగుతాను. కోప్పడకుండా వినాలి."

రాజు ఒప్పుకున్నాడు. ఆమె కుమ్మరివాడకు మనుషుల్ని పంపి ముంత మొదలు బాన దాకా అన్ని కొలతల్లో ఖాళీ కుండలు తెప్పించి, మందిరం గోడల పొడుగునా రాజుకు ఎదురుగా నోళ్లు పెట్టి పేర్పించింది. వీణ నడుమ ఉంది, దాని మీద కొత్త రేకు ఉంది.

రాజు పాడాడు. గొంతు జారితే బాన ఊఁ అంది. పాకితే ముంత ఊఁ అంది. వేలాడితే నడిమి కుండ ఊఁ అంది. రాజుకు కళ్లు చెమర్చాయి.

"మట్టికి సైతం భక్తి పుట్టింది ప్రభూ," అన్నాడు సోమయాజి.

"ఆ మాట కొంచెం గట్టిగా చెప్పండి సోమయాజిగారూ, అందరూ వినాలి," అంది ముద్దుసాని.

ఆయన గొంతెత్తాడు. కుండలు ఆయనకీ ఊఁ అన్నాయి. ఆమె సైగ చేస్తే ద్వారపాలకుడు బహుపరాక్ అని అరిచాడు. అతనికీ అన్నాయి. ఆమె ఒక బాన దగ్గరకెళ్లి తీరిగ్గా ఆవులించింది. అది ఆవులింతకు కూడా ఊఁ అంది.

రాజు మొహంలో వెలుగు తగ్గింది. "ఏమిటిది సానీ?"

"నా ప్రశ్న ఇదే ప్రభూ. ఎవరేమన్నా ఊఁ కొట్టే వీటి మెప్పు తమకెందుకు? లోపల బోలు, నోరు బార్లా. తమరు ఎటు తప్పినా ఒకటి తలూపేలా పేర్చాను. పెద్ద కష్టం కాలేదు, తమ కొలువు చూసి పేర్చాను."

వేదాద్రి కళ్లు మూసుకున్నాడు.

"మరి వీణ?" అన్నాడు రాజు, కదలని రేకు వైపు చూసి.

"అది ఒక్క స్వరానికే పలుకుతుంది. తమరు ఆ స్వరం పడితే ఎవరు వద్దన్నా పలుకుతుంది. పట్టకపోతే చీల్చినా పలకదు."

రాజు వేదాద్రి వైపు చూశాడు. వేదాద్రి తీగ ఒకసారి మీటి, వేలితో ఆపి, రేకు మళ్లీ పెట్టాడు. రాజు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, పాడేముందు విన్నాడు. ఆ స్వరాన్నే మెల్లగా పట్టుకుని నిలిచాడు. తీగ వణికింది. రేకు ఎగిరి ఆయన ఒళ్లో పడింది.

రాజు ఫక్కున నవ్వాడు. సోమయాజి కూడా నవ్వాడు. రాజు ఠక్కున ఆపాడు. సోమయాజీ ఆపాడు. అది చూసి రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు.

వేదాద్రికి వీణతోపాటు ఆ మందిరం కూడా ఇచ్చేశాడు. తన మెడలోని ముత్యాలహారం తీసి ముద్దుసానికి వేయించి, "ఇంకేమైనా కావాలా?" అని అడిగాడు.

"తమకు ఒక స్వరం దొరికింది ప్రభూ. కృతిలో మిగతావి కూడా దొరికేదాకా, పాడేటప్పుడు తలుపులు వేయించండి."

ఆ మాటకూ రాజు నవ్వాడు. తలుపులు మాత్రం ఆ పూటే వేయించాడు.