హజ్రత్ కునుకు తీసిన మధ్యాహ్నం

ఇలియాస్ కర్నూలులో ఇంజనీరు, సూఫీ గురువు బుర్హాన్ సాహెబ్ శిష్యుడు. ఆ ఏడాది ఒక విత్తనాల కంపెనీ తన పాత ఆఫీసును బాగుచేసే పని అతనికి అప్పగించింది. మూడంతస్తుల భవనం. ఎండాకాలం లోపల కూర్చోలేకపోయేవారు.

ఇలియాస్ వేడి దిగకుండా కప్పు మీద మందపాటి పొర వేయించాడు. కిటికీలకు రెండు వరసల అద్దాలు బిగించాడు. వెంటిలేటర్లు మూయించాడు. చీమ దూరే సందు కూడా మిగల్చలేదు. ఏసీలు కాసేపు తిరిగితే చాలు, హాలంతా చల్లబడేది. కరెంటు వాడకం సగానికి పడిపోయింది. పేపర్లో అతని ఫొటో వేశారు.

అయితే మధ్యాహ్నం అయ్యేసరికి హాల్లో జనం తూగడం మొదలుపెట్టారు.

“చల్లదనం మరిగి బద్ధకం నేర్చారు,” అన్నాడు మేనేజరు చెన్నకేశవులు. అకౌంట్స్ చూసే నాగరత్న రెండోసారి నిద్రపోతూ దొరికితే మెమో ఇచ్చాడు. ఇంకోసారి దొరికితే ఉద్యోగం ఉండదన్నాడు.

ఆమె ఇలియాస్ దగ్గరికి వచ్చింది. “ఇంట్లో ఆదివారం కూడా నేను పగలు పడుకోను సార్. ఇక్కడ తల దిమ్మెక్కిపోతుంది. మీరైనా ఆయనకు చెప్పండి.”

“భవనంలో లోపమేమీ లేదమ్మా,” అన్నాడు ఇలియాస్.

ఆ మాట అన్నాడే కానీ మనసు కుదుటపడలేదు. గురువు దగ్గరికి పోయి నాగరత్న సంగతి చెప్పాడు.

“హజ్రత్, సుఖం ఇస్తే మనుషులు సోమరులవుతున్నారు. వాళ్ళను దారిలో పెట్టేదెట్లా?”

“రేపు వచ్చి చూస్తా బేటా,” అన్నారు బుర్హాన్ సాహెబ్.

ఆయనకు డెబ్బై దాటాయి. జపంలో కూర్చుంటే తెల్లవార్లూ కదలరు. ఆయన రెప్ప వాలడం శిష్యుల్లో ఎవరూ చూడలేదు.

మరునాడు చెన్నకేశవులు ఎదురొచ్చి ఆయన్ను తన గదిలోకి పిలిచాడు. ఆయన వెళ్ళలేదు. “నాగరత్నమ్మ కుర్చీ ఏది?” అని అడిగి అందులో కూర్చున్నారు. ఆమె పక్కన స్టూలు వేసుకుని పని చేసుకుంది. ఆయన జపమాల, తన తస్బీ, తీసి పూసలు తిప్పసాగారు. ఇలియాస్ కొంచెం దూరంలో నిలబడ్డాడు.

భోజనాల వేళ దాటింది. పూసలు నెమ్మదించాయి. తర్వాత ఆగిపోయాయి. తస్బీ వేళ్ళలోంచి జారి కింద పడింది. గురువుగారి గడ్డం ఛాతీకి ఆనింది. సన్నగా గురక వినిపించింది.

హాల్లో టైపింగు చప్పుడు ఆగిపోయింది. అందరూ తలలెత్తి చూశారు. ఇలియాస్‌కు ఎక్కడ చూడాలో తెలియలేదు.

కాసేపటికి ఆయన కళ్ళు తెరిచారు. తస్బీ అందుకుని మేనేజరు వైపు తిరిగారు.

“నాక్కూడా ఒక మెమో ఇప్పించండి,” అన్నారు.

ఇలియాస్ కిటికీ దగ్గరికి నడిచి, తాను బిగించిన అద్దం అంచు వెంట వేలితో తడిమాడు. ఎక్కడా సందు తగల్లేదు.

“తప్పు నాది సార్,” అన్నాడు మేనేజరుతో. “ఇంతమంది వదిలిన గాలే మళ్ళీ ఇంతమందీ పీలుస్తున్నారు. బయటి గాలి వచ్చే దారి నేనే మూసేశాను. ఆ అమ్మ మెమో వెనక్కి తీసుకోండి.”

“దారి తెరిస్తే వేడి రాదా? కరెంటు మళ్ళీ పెరుగుతుంది కదా?”

“పెరగనివ్వను.”

తాను మూయించిన వెంటిలేటరు దగ్గర గోడను తానే కోయించాడు. ఒక పెట్టె అమర్చాడు. అందులో బయటికి పోయే చల్లగాలి, లోపలికి వచ్చే వేడిగాలి పక్కపక్కనే సాగుతాయి, కలవవు. పోయేది వచ్చేదాన్ని చల్లబరిచి పోతుంది. దుమ్ము రాకుండా వడపోత పెట్టాడు. ఘాటు వాసన కొట్టే కార్పెట్ తీయించాడు.

మే నెల వచ్చింది. బయట రోడ్డు మీద తారు మెత్తబడే ఎండ. హాల్లో మధ్యాహ్నం కూడా ఫోన్లు, మాటలు, నవ్వులు. నాగరత్న ఏడాది లెక్కలు అందరికంటే ముందు ముగించి బల్ల మీద పెట్టింది. కరెంటు వాడకం పెరగలేదని మీటరులో చూసొచ్చిన చెన్నకేశవులు, చెప్పకుండానే పూలదండ తెప్పించాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇలియాస్ దండ వేయించుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

“నంద్యాలలో, ఆదోనిలో మా ఆఫీసులు రెండూ ఇక మీవే,” అన్నాడు చెన్నకేశవులు. “ప్లాన్లు ఎప్పుడు గీస్తారు?”

“గీస్తాను సార్. ముందు అక్కడ నాకొక కుర్చీ వేయించండి.”

“మేనేజరు గదిలోనేనా?”

“కాదు,” అన్నాడు ఇలియాస్. “జనం మధ్యలో.”