ఏం కాదు నాన్నా

అనంతశయనం మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు కనుక్కుంటారు. కాకినాడలో ఆయన ఇంటి వరండాలో సాయంత్రాలు వేదాంతం వినడానికి చేరే మాకు ఈ అలవాటు మహా చిరాకు. మోక్షం గురించి అడిగినవాణ్ణి పట్టుకుని, "మీ ఆవిడతో మాటల్లేవా నాయనా?" అంటే ఎవరికి మాత్రం బాగుంటుంది? చిక్కేమిటంటే, చాలాసార్లు ఆ మాట నిజమయ్యేది.

ఎప్పుడూ నోరు విప్పని వకుళ గారు ఒకనాడు వెనక వరసలోంచి అడిగారు.

"మాస్టారండీ, స్వభావం అన్నది మారుతుందంటారా?"

మేమంతా సర్దుకుని కూర్చున్నాం. పెద్ద ప్రశ్న. సంస్కారాలు, వాసనలు, పూర్వజన్మ, అన్నీ వస్తాయి. సూర్రావు గారైతే కళ్లజోడు కూడా తుడుచుకున్నారు.

"ఎవరి స్వభావం?" అన్నారు మాస్టారు.

ఆవిడ తల దించుకుని, "మా దొరదండి" అన్నారు.

దొర వాళ్ల కుక్క. సూర్రావు గారు పకపకా నవ్వారు. మాస్టారు మాత్రం నవ్వకుండా ముందుకు వంగి, చెప్పమన్నట్టు చూశారు. వానలో మురుక్కాలవ పక్కన దొరికిన కూనను ఆవిడే పాలు పట్టి పెంచారు. ఇంట్లో దానంత సాధువు లేదు. పొద్దున్న నడకకి తీసుకెళ్తే మాత్రం, ఎదురుగా ఇంకో కుక్క కనపడితే చాలు, మీదికి లేస్తుంది. ఈమధ్యే అపార్టుమెంటు సెక్రటరీ గారి రోజీ చెవి కొరికింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే ఆ కుక్క ఇక్కడ ఉండటానికి వీల్లేదని కమిటీవాళ్లు తేల్చేశారు.

"ఉప్పాడ దగ్గర మా ఆడపడుచు వాళ్ల రొయ్యల చెరువు మీద కట్టేస్తానంటున్నారండి మా ఆయన. అది నా మంచం కింద తప్ప పడుకోదండి. అక్కడ ఆ ఎండలో, రాటకి కట్టేస్తే..." ఆవిడ కళ్లు తుడుచుకుని, "మా ఇంట్లో అందరం భయస్తులమేనండి. మా అమ్మాయి కొనుక్కున్న స్కూటీ ఇంతవరకూ గేటు దాటలేదు. దీనికెక్కడిదో ఈ బుద్ధి" అన్నారు.

"రేపు పొద్దున్న నేనూ వస్తాను నడకకి" అన్నారు మాస్టారు.

సూర్రావు గారూ నేనూ కూడా బయల్దేరాం. వేదాంతం కోసమని చెప్పుకున్నాం గానీ, నిజానికి తమాషా చూడటానికే.

దొర గోధుమరంగు కుక్క. మా అందరి కాళ్లూ వాసన చూసి, మాస్టారి పంచె అంచు ఒకసారి నాకి, హుషారుగా ముందుకు నడిచింది. వకుళ గారు గొలుసుని అరచేతికి చుట్లు చుట్లుగా చుట్టుకున్నారు. వీధి మలుపులో ఇడ్లీ బండి దగ్గర ఒక నల్ల ఊరకుక్క పడుకుని ఉంది. దొర ఇంకా దాన్ని చూడనేలేదు, కరెంటు స్తంభం వాసన చూస్తోంది. వకుళ గారు చూశారు. చటుక్కున గొలుసు దగ్గరికి లాక్కుని, "ఏం కాదు నాన్నా, ఏం కాదు" అన్నారు.

అంతే. దొర మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. నల్లకుక్క పళ్లు చూపిస్తూ లేచింది. "లాగండమ్మా, లాగండి!" అని ఇడ్లీ బండాయన కేకలు. ఆవిడ లాగినకొద్దీ దొర ముందరి కాళ్లు గాల్లోకి లేపి మరీ ఎగబడుతోంది. ఆవిడ "ఏం కాదు, ఏం కాదు" అని ఇంకా గట్టిగా అంటున్నారు. మాస్టారు అరవలేదు. "వెనక్కి తిరుగమ్మా, నాతో నడు" అని చెప్పి, గొలుసుకి తనూ ఓ చెయ్యి వేసి, వాళ్లిద్దరినీ పక్క సందులోకి తీసుకొచ్చారు. మేమూ వెంట పరిగెత్తాం.

సందంతా ఖాళీ. కాసేపటికి దొర చల్లబడింది. వకుళ గారి అరచెయ్యి కమిలిపోయింది.

"చూశారుగా మాస్టారండీ. దీని స్వభావమే అంత."

"ఇక్కడ కుక్కలేమన్నా ఉన్నాయా?"

"లేవండి."

"అయితే దానితో ఒకసారి ఏం కాదు అను."

ఆవిడ వింతగా చూసి, వంగి, ఎంతో ముద్దుగా, "ఏం కాదు నాన్నా" అన్నారు.

దొర చెవులు నిలబడ్డాయి. మెడ మీది వెంట్రుకలు మళ్లీ లేచాయి. ఆ ఖాళీ సందులో అటు చూసింది, ఇటు చూసింది, గోడ మీదికి కూడా చూసింది. గుర్రుమంటూ, లేని కుక్క కోసం వెతికింది.

సూర్రావు గారి నవ్వు నోట్లోనే ఉండిపోయింది. ఆవిడ నోట ఆ మాట వచ్చినప్పుడల్లా ఎదురుగా ఇంకో కుక్క ఉండేది మరి. పాపం, ఆ మాటకి అర్థం కుక్క వస్తోందనే అని అది నేర్చుకుంది. వకుళ గారు ఎవరిదో అరుగు మీద కూలబడ్డారు.

"అంటే ఇన్నాళ్లూ నేను దాన్ని ఉస్కో అంటున్నానాండీ?"

మాస్టారు దగ్గరికొచ్చారు. "లేమ్మా. గొలుసు చేతికి చుట్టకు, వదులుగా పట్టుకో. ఎదురుగా కుక్క కనపడితే దాని ముఖం మీదికి నడవకు, దూరంగా పక్కకి జరిగి వెళ్లు."

"మరి ఏమనమంటారండీ?"

"ఇవాళ ఏం కూర?"

"దొండకాయ వేపుడండి."

"అదే చెప్పు. కుక్క ఉన్నా చెప్పు, లేకపోయినా చెప్పు."

వినడానికి తేలికే. మర్నాడు నల్లకుక్కని చూడగానే ఆవిడ గొలుసు బిగించి, "దొండకాయ! దొండకాయ!" అని గావుకేక పెట్టారు. దొర దొండకాయ మీదికి కూడా లేచింది. సూర్రావు గారు కడుపు పట్టుకుని రోడ్డు మీదే కూర్చుండిపోయారు. కానీ ఆవిడ మానలేదు. రోజూ నడిచారు, రోజూ చెప్పారు. బెండకాయ పులుసూ, తోటకూర వేపుడూ అన్నీ దొరకి తెలిసిపోయాయి. నల్లకుక్క దగ్గర అది గుర్రుమనడం తగ్గి, ఒకసారి చూసి ముందుకు నడవడం మొదలైంది.

ఒక పొద్దున్న మేం తిరిగొచ్చేసరికి, అపార్టుమెంటు గేటులోంచి సెక్రటరీ గారు రోజీతో బయటికొస్తున్నారు. రోజీ చెవికి ఇంకా మందు పూసి ఉంది. ఆయన దొరని చూసి ఆగిపోయారు. ఇక్కడ అది ఒక్కసారి ఎగబడితే రొయ్యల చెరువే గతి. వకుళ గారి వేళ్లు గొలుసు మీద బిగుసుకున్నాయి.

"ఏం..." అన్నారు. ఆగారు. ఒక్కొక్క వేలూ వదులు చేశారు. రోడ్డు అంచుకి జరుగుతూ, "ఏంటంటే నాన్నా, పొట్లకాయ సన్నగా తరిగి, పాలు పోసి..." అంటూ ఆపకుండా చెప్పుకుపోయారు.

దొర రోజీని చూసింది. ఆవిడ ముఖం చూసింది. మళ్లీ రోజీని చూసింది. తర్వాత గేటు స్తంభం దగ్గర కాలెత్తి, తన పని తాను చూసుకుంది.

"పర్లేదే, దారికొచ్చిందే" అని సెక్రటరీ గారు రోజీతో వెళ్లిపోయారు. వకుళ గారు దొర మెడ కావలించుకుని ఏడ్చేశారు. దాచడం ఎందుకు, నాకూ కళ్లు చెమర్చాయి.

"అయితే స్వభావం మారుతుందన్నమాటే కదా మాస్టారండీ!" అన్నారావిడ, తడి ముఖంతో నవ్వుతూ.

మాస్టారు విన్నారో లేదో తెలియదు. ఆయన చూపు మెట్ల పక్కన నిలబెట్టి ఉన్న స్కూటీ మీద ఉంది. దాని మీద కప్పిన గుడ్డ నిండా దుమ్ము. గుడ్డ అంచు కొంచెం ఎత్తి చూసి, మళ్లీ కప్పి, ఇటు తిరిగారు.

"మీ అమ్మాయి దీని మీద కూర్చున్నప్పుడు, వెనకాల నిలబడి నువ్వేమంటావమ్మా?"